కుచ్చిళ్ళలో అద్దాలు

బుల్లి వాళ్ళమ్మకు రెండు మోకాళ్ళకీ ఆపరేషన్ చేసి కొత్త కీళ్ళు వేశారు. వాళ్ళుండేది మూడో అంతస్తు, లిఫ్టు లేదు. అందుకని ఆసుపత్రి నుంచి ఆవిడను నేరుగా పిన్ని ఇంటికే తీసుకెళ్ళారు. పిన్నిది కింది వాటా, గుమ్మం ముందు ఒక్కటే మెట్టు.

"మీ అమ్మకి మోకాళ్ళు కొత్తవి గానీ మొండితనం పాతదే. దాన్ని నేను చూసుకుంటాలే, నువ్వు నీ ఉద్యోగం చూసుకో" అని పిన్ని బుల్లిని పంపేసింది.

తల్లి నర్తకి. అరవై దాటినా వేదిక వదల్లేదు. చివరి రెండేళ్ళూ నొప్పి మాత్రలు మింగి మరీ ఆడింది. ఇంటికి పంపే రోజున డాక్టరు బుల్లిని పక్కకు పిలిచాడు. నడకకేమీ ఢోకా లేదనీ, మెట్లు కూడా నెమ్మదిగా ఎక్కచ్చనీ, మోకాళ్ళు బాగా వంచి కిందికి కూర్చోవడం, పాదంతో నేలను గట్టిగా కొట్టడం మాత్రం ఇక ఎప్పటికీ కుదరవనీ చెప్పాడు. బుల్లి ఆ మాట పిన్ని చెవిన వేసింది. కుట్లు మానేదాకా ఆవిడకు చెప్పకూడదని ఇద్దరూ అనుకున్నారు. కుట్లు మానాయి. చెప్పడం మాత్రం ఇవాళా రేపూ అంటూ వెనక్కి పోతూ వచ్చింది. ఆ పని తను చేస్తే బాగుంటుందని ఇద్దరిలో ఎవరికీ అనిపించలేదు.

బుల్లికి నాట్యం అబ్బలేదు. చిన్నప్పుడు తల్లి నేర్పబోతే, ఆమె గెంతిన ప్రతిసారీ కింది వాటావాళ్ళు పైకొచ్చి ఏం పడిందని అడిగేవారు. తల్లి నెల తిరక్కుండా ఆ ప్రయత్నం మానేసి, కూతుర్ని గ్రీన్‌రూమ్‌లో కూర్చోబెట్టింది. కుచ్చిళ్ళు ఇస్త్రీ చేయడం, కొక్కేలు పెట్టడం, జడలో పిన్నులు గుచ్చడం, ఆట అయ్యాక అవన్నీ తియ్యడం బుల్లి పనులు. పెదాల మధ్య పిన్నులు పట్టుకుని తల్లి చుట్టూ తిరుగుతుంటే, "ఇది నా పిన్నుల డబ్బా" అని ఆవిడ వచ్చినవాళ్ళందరికీ ముద్దుగా చెప్పేది. అందరూ నవ్వేవారు. నోట్లో పిన్నులుండటంతో బుల్లి నవ్వీ నవ్వనట్టు ఊరుకునేది.

పెద్దయ్యాక ఆమె ఒక బట్టల షోరూమ్‌లో చేరింది. వీధి వైపున్న గాజు అరల్లో నిలబెట్టే బొమ్మలకు బట్టలు తొడగడం పని. ఉద్యోగానికి ఏదో పెద్ద పేరుంది గానీ షోరూమ్‌లో అందరూ "బొమ్మలమ్మాయి" అనే పిలిచేవారు. తల్లి ఒకసారి అటువైపు వెళ్తూ ఆగి చూసి, బొమ్మ మెడ కొంచెం పక్కకు తిరిగుంటే బాగుండేదని చెప్పింది. పదేళ్ళలో కూతురి పని గురించి ఆవిడ అన్న మాట అదొక్కటే.

తల్లి పిన్ని ఇంట్లో ఉండగా షోరూమ్ ట్రయల్ రూమ్‌లో ఒక నిలువుటద్దం పగిలింది. పారెయ్యమన్న ముక్కల్ని బుల్లి దాచి, ఒక నల్ల గౌను మీద నిలువుగా అతికి, బొమ్మకు తొడిగి ముందు అరలో పెట్టింది. జనం ఆగి చూడసాగారు. ఆ వీధి చివర ఒక ఆర్ట్ గ్యాలరీ నడిపే ఆవిడ లోపలికొచ్చి, ఇది ఎవరు చేశారని అడిగింది. అద్దం గుచ్చుకుని ఎవరికో దెబ్బ తగిలిందనుకుని, షోరూమ్ యజమాని ముందు తమకేమీ తెలియదన్నాడు. అడిగింది మెచ్చుకోవడానికని తేలాక బుల్లిని ముందుకు తోశాడు. దుస్తుల మీద తను ఒక ప్రదర్శన పెడుతున్నాననీ, అందులో ఒక పెద్ద పని చేసి ఇవ్వగలవా అనీ ఆ గ్యాలరీ ఆవిడ అడిగింది. బుల్లికి ముప్ఫై ఐదేళ్ళు. అలాంటి ప్రశ్న ఆమెను ఎవరూ అడగడం అదే మొదలు.

ఏం చెయ్యాలో ఆమెకు ఆలోచించే పని పడలేదు. గ్రీన్‌రూమ్ తెర సందులోంచి చిన్నప్పటినుంచీ చూస్తున్నదే. తల్లి నిలబడి ఉన్నప్పుడు కాళ్ళ మధ్య కుచ్చిళ్ళు ముడుచుకుని ఒక గీతలా ఉంటాయి. మోకాళ్ళు వంచి కిందికి దిగగానే విసనకర్రలా విచ్చుకుంటాయి, లోపలి రంగు ఒక్కసారి బయటపడుతుంది. ఆ విచ్చుకోవడాన్ని పట్టుకోవాలి. ప్రతి మడతకూ ఒక వైపు సన్నని అద్దం పేళ్ళు, రెండో వైపు బట్ట. ఎదురుగా నిలబడితే నీ మొహమే ముక్కలుగా కనిపిస్తుంది. రెండడుగులు పక్కకు వేస్తే అద్దాలు మాయమై పట్టు బయటపడుతుంది. చూసేవాళ్ళు కదిలితే అది ఆడుతుంది, ఆగితే ఆగుతుంది.

అనుకోవడం తేలికే. ఇంట్లో ముందుగదిలో బల్ల జరిపి ఇనప తీగతో చట్రం కట్టింది. ముందు ప్లాస్టిక్ అద్దం రేకు వాడితే మొహాలు తిరనాళ్ళలో నవ్వించే అద్దాల్లోలా సాగిపోయాయి. నిజం అద్దం తెచ్చి, గాజు కోసే కలంతో గీసి, అంగుళం వెడల్పు పేళ్ళు విరిచింది. మొదట వాడిన జిగురు పులిసిన వాసన వేసేది. వారం తిరిగేసరికి అద్దం వెనక వెండి పూతను తినేసి నల్లటి మచ్చలు పెట్టింది. అవన్నీ ఊడబెరికి, పూతను తినని జిగురు వెతికి తెచ్చి మళ్ళీ మొదలుపెట్టింది. వేళ్ళ కొసలన్నీ గాట్లు.

చివరికి బట్ట దగ్గర ఆగిపోయింది. కొత్త పట్టు ఎంత ఇస్త్రీ చేసినా మడత నిలవలేదు, చట్రం మీద దుప్పటి ఆరేసినట్టు వేలాడింది. తల్లి ట్రంకు పెట్టెలో ఆవిడ వేసుకున్న డ్రెస్సులన్నీ ఉన్నాయి. వాటిలో నెమలికంఠం రంగుది ఆవిడకు ప్రాణం. ఇరవై ఏళ్ళుగా చెమటకు తడిసి, బుల్లి చేతి ఇస్త్రీకి ఆరి, ఆ పట్టు తన మడతలు తనే గుర్తుపెట్టుకుంది. గాల్లో దులిపినా వాటంతటవే వచ్చి సర్దుకున్నాయి.

బుల్లి తల్లికి ఫోన్ చేసింది. తల్లి ఆ రోజు మంచి హుషారుగా ఉంది. చేతికర్ర లేకుండా సందు చివరిదాకా నడిచాననీ, పిన్ని తనతో సమానంగా నడవలేక ఆయాసపడిందనీ చెప్పింది. బుల్లి అంతా విని, జాగ్రత్త అని పెట్టేసింది. మర్నాడు ఆదివారం. కత్తెర తీసుకుని నెమలికంఠం కుచ్చిళ్ళను నడుము పట్టీ దగ్గర కత్తిరించింది. ఇక ఆడదు కదా, పెట్టెలో పురుగు కొట్టేదానికంటే ఇదే నయం కదా అనుకుంది. అనుకుంటూనే ఉంది గానీ చెయ్యి ఆగలేదు. డాక్టరు ఆ మాట చెప్పిన రోజున దుఃఖంతో పాటు ఇంకేదో కూడా తన లోపల తేలికపడిందని ఆమెకు తెలుసు. దాన్ని గురించి మాత్రం ఆలోచించలేదు.

పని పూర్తయ్యాక గ్యాలరీ ఆవిడ చూసి చాలాసేపు దాని ముందు అటూ ఇటూ నడిచింది. ఈ బట్ట ఎక్కడిదని అడిగితే, "మా అమ్మది. నాట్యం చేసేది" అంది బుల్లి. గ్యాలరీ ఆవిడ మొహం మెత్తబడింది, బుల్లి చేతి మీద చెయ్యి వేసి నొక్కింది. ఆవిడ ఏమనుకుందో బుల్లికి అప్పుడే అర్థమైంది. సరిదిద్దడానికి నోరు తెరిచేలోగా దాన్ని గ్యాలరీకి తీసుకెళ్ళే లారీవాడు వచ్చాడు. ఆ తర్వాత ప్రదర్శన మొదలయ్యే ముందు గోడ మీద చీటీ చూసింది. బుల్లి పేరు, దాని కింద "నర్తకి అయిన తల్లి స్మృతిలో" అని ఉంది. స్మృతి అంటే జ్ఞాపకమే కదా, బతికున్నవాళ్ళ జ్ఞాపకాలుండవా అని తనకు తను నచ్చజెప్పుకుంది. చీటీ అలాగే ఉండిపోయింది. జనం ముందు చీటీ చదివేవారు, తర్వాత గొంతు తగ్గించి, దాని ముందు ఎక్కువసేపు నిలబడేవారు.

ప్రదర్శన మొదలైన వారానికి తల్లి ఫోన్ వచ్చింది. బుల్లి షోరూమ్‌లో ఉంది.

"బుల్లీ, ఇంటికొచ్చానే. మీ పిన్ని కూడా ఉంది. మూడంతస్తులూ ఎక్కేశాను, నాలుగుసార్లు ఆగాననుకో. ఇంతకీ నెమలికంఠం డ్రెస్సేదీ? పెట్టెలో లేదు. ఉతకడానికిచ్చావా?"

"ఇచ్చానమ్మా" అంది బుల్లి.

"ఏ షాపు? ఎల్లుండి శనివారానికి కావాలి నాకు."

శనివారం ఏమిటని అడిగితే తల్లి గొంతులో దాచుకున్న సంతోషమంతా బయటికొచ్చింది. పాత శిష్యురాలొకావిడ నాట్యపాఠశాల పెట్టిందనీ, వార్షికోత్సవంలో చెయ్యమని అడిగిందనీ, కుర్చీలో కూర్చుని మొహంతో, చేతులతో చేసే అంశమనీ చెప్పింది. నీకు చెప్పకుండా తీసుకెళ్ళి కూర్చోబెడదామనుకున్నానంది.

బుల్లి సెలవు పెట్టి ఇంటికెళ్ళింది. గది మధ్యలో ట్రంకు పెట్టె తెరిచి ఉంది. నిలబడే డ్రెస్సు ఏమైందో ఉన్నదున్నట్టు చెప్పేసింది, చీటీ సంగతీ డాక్టరు మాటా తప్ప. పిన్ని కూర్చున్న చోటే కుంచించుకుపోయింది. తల్లి కేకలు వెయ్యలేదు. ఎక్కడుందో చూపించమంది.

వాళ్ళు వెళ్ళేసరికి గ్యాలరీలో పదిమందిదాకా ఉన్నారు. తల్లి ముందు దూరంగా నిలబడి చూసింది. తర్వాత దగ్గరికి వచ్చి, ఎడమ నుంచి కుడికి నెమ్మదిగా నడిచింది. అద్దాలు తిరిగి పట్టు విచ్చుకుంది. ఆవిడ ఆగింది, వెనక్కి నడిచింది. అప్పుడు చీటీ చదివింది.

పక్కన కళ్ళజోడు పెట్టుకున్న పెద్దమనిషి ఒకాయన ఉన్నాడు. ఎవరితోనైనా మాట్లాడాలన్నంతగా కదిలిపోయినట్టున్నాడు.

"ఎంత బాగా చేసేవారో పాపం ఆవిడ. మీరెప్పుడైనా చూశారా?" అని తల్లిని అడిగాడు.

"ఎదురుగా ఎప్పుడూ చూడలేదండీ" అంది తల్లి.

ఆయన తల పంకించి ముందుకు వెళ్ళిపోయాడు. బుల్లి తల్లి చెయ్యి పట్టుకుని, వెనకనున్న సామాను గదిలోకి తీసుకెళ్ళింది. పిన్ని వెంట వచ్చి తలుపు దగ్గరగా వేసింది. అట్టపెట్టెల మధ్య కూర్చోవడానికేమీ లేదు. ముగ్గురూ నిలబడే ఉన్నారు.

"నేను పోయానని వాళ్ళకెవరు చెప్పారు?" అంది తల్లి.

"నేను చెప్పలేదమ్మా. వాళ్ళే అలా అనుకున్నారు."

"కాదని చెప్పావా?"

తల్లి జవాబు కోసం ఆగకుండా, ఎల్లుండి కుర్చీలో కూర్చుని చేసినా చివరి చరణానికి లేచి ఆడతానని, అందుకే ఆ డ్రెస్సు అడిగానని అంది. లేవకూడదంది బుల్లి. డాక్టరు చెప్పిన మాట, ఇన్నాళ్ళూ ఎలా చెప్పాలా అని మథనపడ్డ మాట, రెండు ముక్కల్లో అక్కడ చెప్పేసింది.

"ఎప్పుడు చెప్పాడు?"

"నిన్ను ఇంటికి పంపిన రోజే."

తల్లి పిన్ని వైపు తిరిగింది. పిన్ని అట్టపెట్టెల మీద అచ్చువేసిన బాణం గుర్తుల్ని చూస్తోంది.

"అయితే నాకు తప్ప అందరికీ తెలుసన్నమాట" అంది తల్లి. తర్వాత బుల్లితో, "దాన్ని ఇవాళే విప్పించి ఇంటికి పట్రా. ముక్కలైనా సరే, నావి నాకివ్వు" అంది.

ప్రదర్శన ఇంకా రెండు వారాలుందనీ, ఒక హోటలువాళ్ళు కొంటామని మాటిచ్చారనీ, ఇప్పుడు తీసేస్తే ఇక తన మొహం ఎవరూ చూడరనీ బుల్లి చెప్పింది. కావాలంటే అదే రంగుతో కొత్తది కుట్టిస్తానంది. చివరికి, "ఇన్నేళ్ళకి నా పేరు ఒక గోడ మీద పడిందమ్మా" అంది.

"పడింది. కింద నా చావు రాసుకున్నావు."

"చీటీ తీయించేస్తాను."

"తీయించు. నేనెప్పుడు ఆగుతానా అని కాచుక్కూచున్నావు నువ్వు. పోనీలే పాపం, డాక్టరు చెప్పేదాకా ఓపిక పట్టావు."

కాదమ్మా అందామనుకుంది బుల్లి.

తల్లి తలుపు దగ్గరికి వెళ్ళి ఆగింది. "పని బాగుంది. అబద్ధమెందుకు చెప్పాలి. నేను దిగినప్పుడు కుచ్చిళ్ళు అచ్చం అలాగే విచ్చుకుంటాయి. ఇంతగా చూసినదానివి, నన్నొక్క మాట అడగలేకపోయావా?"

"అడిగితే ఇచ్చేదానివా?"

తల్లి ఆలోచించింది. "ఇచ్చేదాన్ని కాదు" అంది.

ఆ సాయంత్రమే చీటీ మారింది. పేరు, దేనితో చేసిందీ, అంతే. తల్లి మాట జనానికి తెలియకుండా పోయాక వాళ్ళు దాని ముందు నిలబడే సేపు తగ్గింది. అద్దాల్లో జుట్టు సర్దుకుని వెళ్ళేవాళ్ళు ఎక్కువయ్యారు. బుల్లి అది గమనించింది. గమనిస్తున్నందుకు తన మీద తనకే రోత పుట్టింది. అయినా దాన్ని దింపలేదు.

శనివారం ఆమెను ఎవరూ రమ్మనలేదు. పిన్నిని బతిమాలి చోటు కనుక్కుని, చివరి నిమిషంలో వెళ్ళి హాలు వెనక తలుపు పక్కన నిలబడింది. తల్లి అభ్యాసానికి వేసుకునే నల్లటి మామూలు బట్టల్లో వచ్చింది. కుర్చీలో కూర్చుంది. పాట మొదలైంది. ఇంటికి రాని మనిషి కోసం ఎదురుచూసే ఒక ఆడమనిషి పాట అది. తలుపు చప్పుడైందనుకుని తల తిప్పడం, కాదని తెలిసి ఆ తల తిప్పడాన్నే ఇంకేదో పనిగా మార్చుకోవడం, అంతా ఆ కళ్ళలోనే జరిగింది. చంటిపిల్లల్ని తెచ్చుకున్న తల్లులు కూడా కదలడం మానేశారు. డాక్టరూ, తనూ, అందరూ పప్పులో కాలేసినట్టే, ఆవిడ ఇంకా ఉంది అనుకుంది బుల్లి. నిజంగానే అలా అవ్వాలని కోరుకుంది.

చివరి చరణం వచ్చింది. తల్లి లేచింది. మొదటి అడుగులు పడ్డాయి. తర్వాత మోకాళ్ళు వంచి కిందికి దిగింది. దిగినంతవరకూ బాగానే దిగింది. పైకి రాలేకపోయింది. ఒక చెయ్యి ముద్రలో అలాగే నిలిచిపోయి, రెండో చెయ్యి పట్టుకోవడానికేదైనా దొరుకుతుందేమోనని గాల్లో వెతికింది. శిష్యురాలు పక్కనుంచి పరుగెత్తుకొచ్చి రెండు చంకల కిందా చేతులేసి లేపింది. పాట ఇంకా సాగుతోంది. ఎవరో ఆపారు. అప్పుడు హాలంతా లేచి చప్పట్లు కొట్టింది. పద్యం మధ్యలో మరచిపోయిన చిన్నపిల్లకి కొట్టినట్టు, చాలా గట్టిగా, చాలాసేపు కొట్టారు. బుల్లికి ఏడుపొచ్చింది. ఆ ఏడుపు అడుగున, తను అన్నదే నిజమైందన్న నెమ్మది లాంటిది ఒకటుంది. అది ఆమెకు తెలిసింది.

గ్రీన్‌రూమ్‌కి వెళ్ళింది. తల్లి తడి గుడ్డతో మొహం తుడుచుకుంటోంది. అలవాటు ప్రకారం బుల్లి వెనక నిలబడి ఆవిడ జడలో పిన్ను తియ్యబోయింది. తల్లి తల పక్కకు జరుపుకుంది.

"చూశావుగా" అంది. "నీ మాటే నెగ్గింది. ఇక వెళ్ళు."

శిష్యురాల్ని పిలిచి పిన్నులు తియ్యమంది.

ఆ తర్వాత తల్లి మూడో అంతస్తుకి రాలేదు. మెట్లు ఎక్కలేకపోతోందని పిన్ని అందరికీ చెప్పింది. వినేవాళ్ళకు అందులో నమ్మకపోవడానికేమీ లేదు. ఒకరోజు బుల్లి పని నుంచి వచ్చేసరికి ట్రంకు పెట్టె లేదు. శిష్యురాలి బడికి పంపించేశారట, అక్కడి ఆడపిల్లలకు కొలతలు సరిచేసి తొడుగుతున్నారట. నీకేమైనా కావాలేమో అడుగుదామని నేనన్నాను, మీ అమ్మే వద్దంది అని పిన్ని ఫోన్‌లో చెప్పింది.

హోటలువాళ్ళు కొనుక్కున్నది వాళ్ళ ముందు హాల్లో పెట్టుకున్నారు. దాన్ని చూసి ఇంకొకరు, ఆ ఇంకొకర్ని చూసి మరొకరు అడిగారు. బుల్లి షోరూమ్ మానేసి, ఒక పాత గోదాములో చోటు తీసుకుంది. నాటకాలకు వేషాలు అద్దెకిచ్చే దుకాణంలో పాత డాన్సు డ్రెస్సులు మూటగట్టి కొనుక్కొచ్చి చేస్తోంది. అడిగినవాళ్ళందరికీ అవి నచ్చుతూనే ఉన్నాయి. ఆ పట్టు మడత నిలవదు. లోపల సన్నని రేకు పెట్టి నిలబెడుతుంది. పెట్టిందని చూసేవాళ్ళకు తెలియదు. గ్యాలరీ ఆవిడకు కూడా తెలియదు.

ఆదివారాలు పిన్ని ఇంటికి వెళ్తుంది. తల్లి ఇప్పుడు ముందుగదిలో నలుగురైదుగురు పిల్లలకు చేతి ముద్రలు నేర్పుతోంది. బుల్లి వెళ్ళినప్పుడల్లా కూర్చోమంటుంది, పని ఎలా ఉందంటుంది, ఎండగా ఉందా బయట అంటుంది. పక్క వీధిలోంచి వచ్చినవాళ్ళతో ఎలా మాట్లాడుతుందో అలాగే. మొదట్లో బుల్లి ఇది కొన్నాళ్ళే అనుకుంది. ఏడాది గడిచాక ఒకరోజు, పిన్ని వంటింట్లో ఉండగా, ఉండబట్టలేక అడిగేసింది.

"అమ్మా, నన్ను ఒక్కసారి తిట్టవా?"

తల్లి ఆశ్చర్యంగా చూసింది. ఆ చూపులో కోపం వెతికింది బుల్లి. లేదు.

"ఎందుకమ్మా? తిట్టడానికేముంది. నీ పని నువ్వు చేసుకుంటున్నావు" అంది తల్లి. బిస్కెట్ల పళ్ళెం ఆమె వైపు జరిపి, ఇంకొకటి తీసుకోమంది.

బుల్లి తీసుకుంది. లోపలినుంచి పిన్ని ఇంకో కప్పు టీ తెమ్మంటారా అని అడిగింది. తనకొద్దని చెప్పి తల్లి, పిల్లలు వచ్చే వేళైందని చాప పరచడానికి లేచింది.